రిజిస్టర్‌లో లేని ములాఖత్

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది నన్ను భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక సబ్ జైలుకు డిప్యూటీ జైలర్‌గా వేశారు. అదే నా ఆఖరి పోస్టింగ్. రిటైరయ్యాక వచ్చిన చలికాలంలో నేనూ మా ఆవిడా అండమాన్ వెళ్ళాం. పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైల్లో తక్కినవాళ్ళు ఉరికంబం చూస్తుంటే నా కళ్ళు తలుపుల గడియల మీదే నిలిచాయి. గడియ తలుపుకు ఎడంగా, గోడలోని గూట్లోకి పోయి పడుతుంది. లోపలి మనిషి చెయ్యి ఎంత చాచినా తాళం అందదు. పని తెలిసినవాడే కట్టించాడనుకున్నాను. ఆ మెచ్చుకోలుకు నాకే సిగ్గేసింది.

మర్నాడు పడవలో వైపర్ దీవికి వెళ్ళాం. సెల్యులార్ జైలు కట్టక ముందు ఖైదీలను గొలుసులు వేసి ఉంచిన చోటది. మిట్ట మీద ఉరిశాల, కూలిన గోడలు మిగిలాయి. మోకాళ్ళ నొప్పితో మా ఆవిడ కిందే ఆగిపోయింది. నేను పైకి పోతుంటే, మెట్లకు సిమెంటు పూస్తున్న మేస్త్రీ తాపీ పక్కన పెట్టి లేచాడు.

"నమస్తే సార్. గుర్తు పట్టిండ్రా? జోగయ్యను. ఇల్లందు కాడ గూడెం మాది."

గుర్తొచ్చాడు. కలప కేసులో విచారణ ఖైదీగా, అంటే నేరం ఇంకా రుజువు కాకుండానే, ఏడాదికి పైగా మా జైల్లో ఉన్నాడు. చివరికి కోర్టు కేసు కొట్టేసింది. ఇంటి దగ్గర ఎవరూ మిగలక, కాంట్రాక్టరు వెంట ఇంత దూరం వచ్చాడట.

"జైల్ల ఉన్నన్ని దినాలు మా అమ్మ ఒక్కపారి గూడ రాలేదు సార్," అన్నాడు. "దొంగనని అలిగి, గట్లనే సచ్చిపోయింది. గా బాధ పోతలేదు."

ఆమె వచ్చింది.

ఖైదీని కలవడాన్ని మేము ములాఖత్ అంటాం. వచ్చినవాళ్ళకు గుర్తింపు కార్డు ఉండాలి. లేకపోతే, తనవాళ్ళేనని ఖైదీతో చెప్పించుకుని, కారణం రాసి అధికారి అనుమతించవచ్చు. ఆమె దగ్గర కార్డు లేదు. ఆ రోజు మాకు ఇన్‌స్పెక్షన్ ఉంది, నేను హడావుడిలో ఉన్నాను. "ఒక్కపారి మొకం చూసి పోత సారూ," అందామె. కార్డు తీసుకుని మంగళవారం రమ్మని పంపేశాను. మంగళవారం రాకముందే జ్వరంతో పోయిందని కబురు వచ్చింది. పోలీసు ఎస్కార్టు వేళకు దొరకక జోగయ్యను దహనానికి పంపలేకపోయాం. చావు కబురు నేనే చెప్పాను. ఆమె వచ్చి వెళ్ళిన సంగతి మాత్రం చెప్పలేదు. తిప్పి పంపినవాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో ఎక్కవు. నాకూ గేటు వార్డరుకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ మెట్ల మీద కూడా ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేక చెప్పేశాను.

"వాపసు ఎవలు పంపిండ్రు?"

"నేనే."

"ఏమన్న తెచ్చిందా?"

"గుడ్డలో రొట్టెలు కట్టుకొచ్చింది. అవీ తీసుకోలేదు."

జోగయ్య మొహం కప్పుకుని మెట్టు మీద కూలబడ్డాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోతే, "వద్దు సార్," అన్నాడు. కాసేపటికి తల ఎత్తాడు. "గా దినమే చెప్తె ఏమైతుండె? మూడేండ్ల సంది దాన్ని తిట్టుకుంట బతుకుతున్న."

తప్పు నాదేనని ఒప్పుకుని, క్షమించమని అడిగాను. కింద పడవ వాడు పిలుస్తున్నాడు. నేను కదలబోతుంటే, నా వైపు చూడకుండానే, "పక్కకెళ్ళి దిగుండ్రి, సిమెంటు ఇంక పచ్చిగుంది," అని తాపీ అందుకున్నాడు.

ఆ రోజు నిబంధన నన్ను ఆపలేదు. అనుమతించే అధికారం నా చేతిలోనే ఉంది. జైలు శాఖలో కొత్తగా చేరినవాళ్ళు సలహా అడిగితే ఇప్పుడు ఒకటే చెబుతున్నాను: గేటు నుంచి తిప్పి పంపిన మనిషి పేరు కూడా రాయండి, ఆ సంగతి లోపలున్నవాడికి ఆ రోజే చెప్పండి.