పూజగూట్లో డిస్కు

నా పిల్లల మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కల్పితం కాదు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చినవాణ్ణి. ఇంత కథ అల్లే తెలివే ఉంటే పటాన్‌చెరులో రాత్రిపూట షెడ్డుకు కాపలా ఎందుకు కాస్తాను?

మాది ప్లాస్టిక్ మూతల అచ్చులు చేసే షెడ్డు. అచ్చుల డ్రాయింగులన్నీ ఒక్క కంప్యూటర్‌లో ఉంటాయి. అవి పోతే షెడ్డుకు తాళం, మా పొయ్యిలకు నీళ్లు. వాటిని గీసే మల్లేశ్ నాకు దోస్తు. బ్యాకప్ పెట్టించండని మా ఓనరు సార్ వెంట పడ్డాడు. ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చన్నాడు. అది వద్దంటే డిస్కులోకి ఎక్కించి రోజూ ఇంటికి పట్టుకుపోతానన్నాడు.

"ఒక్కటన్న ఈ గోడల బయట ఉండాలె సార్. షెడ్డు కాలితే రెండూ పోతయ్."

సార్‌ది గుంటూరు వైపు. మన సరుకు మన గడప దాటకూడదని ఆయన పట్టు. చివరికి అన్నిటికంటే చవకైన డిస్కు కొని, కంప్యూటర్ పక్కనే ఉన్న పూజగూట్లో పెట్టించారు. అమ్మవారి కంటే పెద్ద కాపలా ఎవరన్నారు. అసలు కాపలావాణ్ణి నేనే కదా, పక్కనే నిలబడి నవ్వాను. ఏం చేస్తాను?

రోజూ సాయంత్రం మల్లేశ్ దానికి వైరు తగిలించి బ్యాకప్ తీసేవాడు. ఎండాకాలంలో బీరంగూడ దగ్గర లారీ గుద్ది పోయాడు. సార్ దండ తెచ్చారు. అదీ చవకదే. మల్లేశ్ కుర్చీలోకి శ్రావణి వచ్చింది.

ఆయుధపూజకు ముందు రోజే సార్ డిస్కు వైరు పీకేసి నా చేతిలో పెట్టారు. డిస్కును తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల కింద కూర్చోబెట్టారు. పూజ నాడు పొద్దున, పూజ మొదలు కాకముందే, శ్రావణి ఒక మూత డ్రాయింగు మార్చింది. బ్యాకప్ తీస్తానని అడిగింది. గూట్లో పెట్టింది మర్నాటి దాకా కదపకూడదన్నారు. కంప్యూటర్ మాత్రం దీపంలా రాత్రంతా వెలగాలట. ఆపనివ్వలేదు.

ఆ రాత్రి వాన. ఉరుముల మధ్య చిన్న చప్పుడు.

టిక్... టిక్... కిర్ర్‌ర్...

ఎలుక అనుకున్నాను. కాదు... ఆ చప్పుడు నాకు తెలుసు. మల్లేశ్ బ్యాకప్ తీసేటప్పుడు రోజూ విన్నదే.

టార్చి పట్టుకుని గూటి దగ్గరికి వెళ్లాను. బంతిపూల సందులో నీలం వెలుగు. ఆరుతోంది... వెలుగుతోంది... ఆరుతోంది. జేబు తడిమాను. వైరు నా జేబులోనే ఉంది. డిస్కు వెనక వంగి చూశాను... ఏమీ లేదు. పూరేకులు సన్నగా వణుకుతున్నాయి. వేలు ఆనించాను. వెచ్చగా ఉంది... అప్పుడే పని దిగిన మనిషి ఒళ్లులా.

"మల్లేశ్... నువ్వేనారా?"

చప్పుడు ఆగింది. వెలుగు ఆరింది. మరుక్షణం బయట పిడుగు. కంప్యూటర్‌లోంచి గుప్పున పొగ.

మర్నాడు బాగుచేసే అతను వచ్చి, ఇక ఇది ఇనుప సామానుకే అన్నాడు. సార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. శ్రావణి తన లాప్‌టాప్‌కు డిస్కు తగిలించింది. అన్నీ ఉన్నాయి. ఆమె చెయ్యి ఒక్కచోట ఆగిపోయింది.

"అన్నా... గిది నేను నిన్న పొద్దుగాల మార్చిన డ్రాయింగు. నువ్వేమన్న వైరు పెట్టినవా?"

"నాకు టీవీ రిమోటే రాదు చెల్లె."

రాత్రి చూసింది చెప్పాను. బాగుచేసే అతను పగలబడి నవ్వాడు. వైరు లేకుండా డిస్కు తిరగనే తిరగదన్నాడు. శ్రావణి నవ్వలేదు. సార్ కొబ్బరికాయ కొట్టి నా వైపు తిరిగారు.

"చూశావా సత్తయ్యా, ఇంటర్నెట్టు వాళ్లకి డబ్బులు తగలెయ్యమన్నారు మీరంతా. ఇక ఆ వైరు కూడా అక్కర్లేదు."

వైరు తీసుకుని బీరువాలో వేసి తాళం పెట్టారు.

శ్రావణి ఇప్పుడు వేరే పని వెతుక్కుంటోంది. నేను గూటి ముందే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. అమ్మవారా... మల్లేశా... నా నిద్రమత్తా... నాకైతే తేలలేదు. మల్లేశే అయితే మాత్రం మా సార్ గట్టివారే. బతికున్నవాళ్లు పానా ముట్టకూడని రోజున, చచ్చినవాడితో పని చేయించుకున్నారు.