పెడచేతి మాస్టారు

ఇన్నయ్య మాస్టారు ఏ లోహాన్నయినా ముందు పెడచేత్తో తాకుతారు. వేళ్లు లోపలికి ముడిచి, చెయ్యి తిప్పి, కణుపులు ఒక్కసారి తగిలించి తీసేస్తారు. ఆ తర్వాతే పట్టుకుంటారు. గేటైనా, బీరువా అయినా, కాఫీ గ్లాసైనా అంతే. మాచర్ల బస్సెక్కేటప్పుడు ఆయన కడ్డీని అలా తాకి చూసేలోపు వెనకున్నవాళ్లు కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసేసుకుంటారు. ఆయన ఏనాడైనా కూర్చుని మాచర్ల వెళ్లినట్టు నాకు గుర్తు లేదు.

రెంటచింతలలో ఆయన ఇల్లు మా ఇంటికి ఎదురు. పొద్దున్నే ఆ చెయ్యి తిరగడం చూశాకే నాకు తెల్లవారేది. తన గేటును తనే తాకి చూసుకుని బయటికి వచ్చేవారు. రాత్రి మీరు వేసుకున్న గేటే గదా మాస్టారూ అని ఒకసారి అన్నాను. రాత్రి సంగతి గేటుకు గుర్తుంటుందా అన్నారు.

హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యారు. క్లాసులో అడుగు పెట్టగానే "చేతులు కట్టుకో" అనేవారు. అందరూ కట్టుకునేదాకా పాఠం లేదు. మొదలైన పాఠం ఏదైనా కాసేపటికి లోహాల దగ్గరికే చేరేది. ఒక గళ్లుప్పు బెడ్డను బల్ల మీద పెట్టి సుత్తితో కొట్టేవారు. పొడైపోయేది. రాగితీగను కొట్టేవారు. చదునయ్యేది. ఉప్పులో ఎవరి చోటు వారిదని, ఒక వరస కాస్త జరిగితే ప్లస్సుకు ప్లస్సు, సాటివాడికి సాటివాడు ఎదురవుతాడని, ఎదురైతే తోసుకుని విడిపోతారని చెప్పేవారు. లోహంలో అలా కాదట. ప్రతి పరమాణువూ తన పై ఎలక్ట్రాన్లను ఉమ్మడిలో వదిలేస్తుంది. అవి ఎవరి సొత్తూ కాకుండా అంతటా తిరుగుతాయి. అందుకే దెబ్బ తగిలితే వరసలు జరుగుతాయి గాని బంధం తెగదు. అంతా చెప్పి, సుత్తి కింద పెట్టి, మన ఊరు ఉప్పా, రాగా అని అడిగేవారు. ఒక ఎలక్షన్ల ఏడాది ఈ ప్రశ్నకు క్లాసు రెండు పార్టీలై బల్లలు విరగ్గొట్టుకుంది. జవాబు వచ్చిందని ఆయన అటెండెన్సు వేసుకున్నారు.

ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్ల వల్లే లోహం కరెంటును మోస్తుంది. మోసేది ఎవరి కరెంటు, తగిలేది ఎవరికి అని అది అడగదు. తగిలినప్పుడు చేతి కండరం ముడుచుకుంటుంది. అరచేత్తో పట్టుకుని ఉంటే పిడికిలి బిగుసుకుంటుంది, మనిషి వదలాలన్నా వదలదు. పెడచెయ్యి అయితే దానంతటదే వెనక్కి ఎగురుతుంది. ఇదంతా మాస్టారికి పాఠంగా ఎప్పటి నుంచో తెలుసు. ఆయన భార్య రత్నకుమారి పెరట్లో తీగ దండెం మీద తడిచీర ఆరేస్తూ పోయింది. చీర ఆరెయ్యడానికి పెడచెయ్యి పనికిరాదు. ఊరంతా వచ్చి, టైమొచ్చింది, ఎవరేం చేస్తారు అని ఓదార్చి, కాఫీలు తాగి వెళ్లింది. ఆ తర్వాత నుంచే ఆయన చెయ్యి తిరిగింది. ఎందుకు తిరిగిందో ఊరు ఆలోచించలేదు. పెడచేతి మాస్టారని పేరు మాత్రం ఆలస్యం చెయ్యకుండా పెట్టింది.

మా ఊరి ఎండ గురించి వేరే చెప్పనక్కర్లేదు. మార్చి దాటితే ప్రతి ఇంట్లో కూలర్ గుర్రుమంటుంది. ఇనపరేకు పెట్టె, దాని కడుపులో నీళ్లు, నీళ్లలో మోటారు. పక్కనే తడికాళ్లతో మనిషి. ఇంతకన్నా మంచి ఉచ్చు అడవిపందికి కూడా ఎవరూ పన్నలేదు. మాస్టారు ఇంటింటికీ వెళ్లి, కుశలం అడగకుండా, కూలర్ ఎక్కడ అనేవారు. పెడచెయ్యి తగిలించి, ప్లగ్గు తీసి చూసి, మూడో పిన్ను ఏదని నిలదీసేవారు. గోడకు రెండు బెజ్జాలే ఉన్నాయని మూడో పిన్నును కోసేసుకున్న మేధావులు మా వీధిలో చాలామంది. పెళ్లిచూపులకు వచ్చిన ఒక పిల్లవాణ్ణి ఆయన మొదట అడిగిన ప్రశ్న, మీ ఇంట్లో మూడో పిన్ను ఉందా అని. సంబంధం తప్పిపోయింది. కారణం పిన్ను కాదని ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

ఆయన పక్కిల్లు గురవమ్మది. ఆమె కూతురు ప్రశాంతి మాస్టారి దగ్గరే పదో తరగతి చదివింది. శీతాకాలంలో ఆ పిల్లకు సీమంతం చేశారు. గురవమ్మ స్వయంగా పానకం తెచ్చి ఇస్తే మాస్టారు స్టీలు గ్లాసును పెడచేత్తో తాకారు. వచ్చిన చుట్టాలంతా చూశారు. గురవమ్మ మొహం మాడిపోయింది.

"ఏంది మాస్టారూ, మా గ్లాసుకేమన్నా మైలంటిందా?"

"గ్లాసు మంచిదే. మీ మీటరు కింద ఎర్తు తీగ గాల్లో వేలాడతా ఉంది, చూశావా? దానికో గుంట తీసి..."

గురవమ్మ గ్లాసు లాక్కుంది. తన ఇంటి గోడ మీద ఇక మాస్టారి చెయ్యి పడితే బాగుండదని నలుగురిలో చెప్పింది. ఆయన పానకం తాగకుండానే వచ్చేశారు. వస్తూ ఆమె ఇనప గేటును పెడచేత్తో తాకారు. అది చూసి ఆమె ఇంకో రెండు మాటలు కలిపింది.

ఏప్రిల్‌లో తల్లీకూతుళ్లు నరసరావుపేట ఆస్పత్రికి వెళ్లారు. ఆడపిల్ల పుట్టింది. ఆ రోజుల్లో నేను ఊళ్లో లేను. ఉన్నా ఏమీ చూసి ఉండను. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం మా వీధిలో కుక్క కూడా తిరగదు. రహస్యంగా ఏదన్నా చెయ్యాలనుకునేవాడికి మా ఊళ్లో రాత్రి అవసరం లేదు.

పసిపిల్లతో తిరిగొచ్చిన గురవమ్మ రెండు సంగతులు గమనించింది. ఒకటి, పిల్ల ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి గుక్కపట్టి ఏడుస్తోంది. రెండు, మీటరు పెట్టె కింద గోడ వారగా మట్టి కొత్తగా, తడిగా ఉంది. ఆ ఎండలకు పసిపిల్ల ఏడవకపోతేనే వింత. కానీ గురవమ్మ రెండింటినీ కలిపి గునపం తీసింది. ముందు బొగ్గులు వచ్చాయి. తర్వాత ఉప్పు. ఆ తర్వాత ఒక రాగిరేకు. రేకు మీద చుక్కలతో కొట్టిన అక్షరాలు. రత్నకుమారి.

బొగ్గు, ఉప్పు, రాగిరేకు, చచ్చిపోయిన మనిషి పేరు. ఇంకేం కావాలి? రేకు నుంచి గోడలోకి పోతున్న తీగను గురవమ్మ కొడవలితో తెగ్గోసింది. వార్డు మెంబరు సుధీర్ బాబు ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. బాలింత ఇంటికి చేతబడి అని రాశాడు. మా ఊళ్లో మంచినీళ్ల ట్యాంకరు వచ్చిందని పెడితే ఇద్దరు చూస్తారు. దీనికి కాసేపట్లో వీధి నిండిపోయింది. నేను వెళ్లేసరికి మాస్టారిని పిలిపించారు. ఆయన గురవమ్మ గేటు బయట నిలబడి ఉన్నారు. సుధీర్ బాబు రేకును ఆయన ముందు పడేశాడు.

"ఏంది మాస్టారూ ఇది?"

"రాగి."

"రాగని కనపడతానే ఉంది. ఎందుకు పెట్టావని?"

"వాహకం. వెండి తర్వాత ఇదే. వెండి నా దగ్గర లేదు."

"ఉప్పెందుకు?"

"తేమ పట్టి ఉంచుద్ది. బొగ్గు కూడా అందుకే. ఈ ఎండకి నేల ఎండిపోతే కరెంటు దిగదు. రోజూ ఓ బిందెడు నీళ్లు పొయ్యాల."

ఆయన దృష్టిలో అంతా చెప్పేశారు. జనం దృష్టిలో అంతా ఒప్పేసుకున్నారు. పోలీసులను పిలవాలని ఒకరు, పాస్టరును పిలవాలని ఒకరు, పూజారిని పిలవాలని ఒకరు అన్నారు. ఎవరిని పిలవాలన్న దగ్గర మళ్లీ పార్టీలయ్యారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఆ గుంపులో సగం మంది ఉన్నారు. వాళ్లు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. ఉప్పు, సుత్తి, రాగితీగ వాళ్లకు పరీక్షలతోనే అయిపోయాయి.

గురవమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమెకు సుధీర్ బాబు లెక్క లేదు, గ్రూపు లెక్క లేదు. ఇంట్లో పిల్ల ఏడుస్తోంది, అంతే. "నా మనవరాలికేమన్నా అయితే ఊరుకోను మాస్టారా. ఆ తీగ కూడా కోసి అవతల పారేశా."

అప్పటిదాకా ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ మాటకు రంగు పోయింది.

"తీగ కోశావా? కూలర్ నడుస్తా ఉందా?"

 జవాబు లోపలి నుంచి వినిపిస్తూనే ఉంది. గుర్రుమంటోంది. దాని మీదుగా ప్రశాంతి గొంతు. "అమ్మా, కూలర్‌లో నీళ్లైపోయినయ్. నువ్వు రామాక, నేను పోస్తాలే."

మాస్టారు పరుగెత్తగలరని ఊరికి తెలియదు. సుధీర్ బాబును భుజంతో నెట్టేశారు. గురవమ్మ గేటును రెండు అరచేతులతో తోసుకుని లోపలికి పోయారు. ముందు పెడచెయ్యి తగిలించకుండా ఆయన ముట్టుకున్న ఇనుము నాకు తెలిసి అదొక్కటే. గురవమ్మా నేనూ వెనకే వెళ్లాం.

ప్రశాంతి అప్పుడే పిల్లకు స్నానం చేయించి ఉయ్యాలలో వేసినట్టుంది. కాళ్లూ చేతులూ తడి. ఎడమచేతిలో ఇత్తడి చెంబు. కుడిచెయ్యి కూలర్ రేకును పట్టుకోవడానికి సాగి ఉంది. మాస్టారు గుమ్మంలోనే ఆగారు. అరవలేదు. క్లాసు గొంతుతో అన్నారు.

"ప్రశాంతీ, చేతులు కట్టుకో."

ఆ పిల్ల ఇప్పుడు ఒక బిడ్డ తల్లి. అయినా ఆ రెండు చేతులూ ఆమెను అడగకుండా వెనక్కి వచ్చి ఛాతీ మీద ముడుచుకున్నాయి. చెంబు కింద పడి దొర్లింది. నీళ్లు కూలర్ దాకా పాకాయి. "అలాగే వెనక్కి పో" అన్నారు. పోయింది.

ఆయన తడి లేని చోట నిలబడి, వేళ్లు ముడిచి, చెయ్యి తిప్పి, కూలర్‌కు తగిలించారు. చెయ్యి వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ చెయ్యి వేల వస్తువులను తాకింది. ఎగరడం మేం చూడలేదు. చూడలేదు కాబట్టే నవ్వాం. గురవమ్మ ఉయ్యాల దగ్గర కూలబడిపోయింది. మాస్టారు కణుపులు ఊదుకుంటూ వెళ్లి స్విచ్ ఆపారు.

అప్పుడు సుధీర్ బాబు లోపలికి వచ్చాడు. కూలర్ మీద అరచెయ్యి బార్లా ఆనించి, ఏదీ, ఏం లేదే అన్నాడు. స్విచ్ ఆపాక ధైర్యవంతులకు మా ఊళ్లో కొదవ లేదు.

"ఉండు, వేస్తా. చెయ్యి అక్కడే ఉంచు" అన్నారు మాస్టారు.

సుధీర్ బాబుకు గురజాలలో అర్జెంటు పని గుర్తొచ్చింది. ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు. జనం కూడా పలచబడ్డారు. క్షమించమని ఎవరూ అనలేదు. ముందే చెప్పి ఉండాల్సిందని మాత్రం ఇద్దరు ముగ్గురు ఆయనకు బుద్ధి చెప్పారు. సాయంత్రానికి గ్రూపులో అదే ఫొటో మళ్లీ వచ్చింది. వార్డు మెంబరు ఆధ్వర్యంలో విద్యుత్ భద్రతపై అవగాహన అని దాని కింద రాసి ఉంది. నలభై మంది చప్పట్లు పెట్టారు.

మేం నలుగురమే మిగిలాక గురవమ్మ మెల్లిగా అంది. "చెప్పి చెయ్యొచ్చుగా మాస్టారూ."

"చెప్పా. నువ్వు గ్లాసు లాక్కున్నావు."

 ఆమె రేకు మీద ఆ పేరేందని అడిగింది.

"రాగిబిందె. ఆమె పుట్టింటోళ్లు పేరు కొట్టించి ఇచ్చారు. మోటారు తడిసి కరెంటు రేకులోకొస్తే, అది మనిషిలోంచి గాక భూమిలోకి పోయే దారుండాల. అందుకని కోసి ముక్కలు చేశా. వీధిలో వేలాడే తీగ ఎక్కడ కనపడితే అక్కడ పెట్టుకుంటా వచ్చా." నా వైపు తిరిగారు. "మీ గోడ కిందా ఉంది. బిందె అడుగు ముక్క."

 ఒక్క బిందె ఇన్ని ఇళ్లకు ఎలా సరిపోయిందని అడిగాను.

"పలచగా కొట్టా. రాగి గదా, సాగుద్ది."

"మరి పేరున్న ముక్క మా ఇంటికెందుకు?" అంది గురవమ్మ.

"బతికున్నప్పుడు మీ ఇద్దరికీ పంపు కాడ నీళ్ల కోసం రోజూ రభసే గదా. ఆ గోడ మీంచి నిన్ను తిట్టని రోజు లేదు. కాసేపు కాపలా కూడా కాయనీ అనుకున్నా."

గురవమ్మ ముక్కు చీదుకుంది. చీదుతూనే నవ్వింది. రత్నకుమారి మాటకు మాట అంటించేదే గాని ఒక్కనాడూ కడుపులో పెట్టుకోలేదు అంది. వీధిలో పడి ఉన్న రేకును తనే వెళ్లి తీసుకుని, కొంగుతో మట్టి తుడుచుకుంటూ లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున మాస్టారు మామూలుగానే లేచారు. తన గేటును పెడచేత్తో తాకి బయటికొచ్చారు. ఒక చేతిలో గునపం, ఒక చేతిలో కొత్త తీగ చుట్ట. గురవమ్మ గోడ కింద గుంటను మళ్లీ తవ్వారు. బొగ్గు పరిచారు, ఉప్పు చల్లారు. రేకు తెమ్మన్నారు. ఆమె తెచ్చింది. అది నిన్నటి రేకులా లేదు. చింతపండు పెట్టి తోమినట్టుంది, ఎండపొడ తగిలి మిలమిలలాడుతోంది. అక్షరాల చుక్కల్లో కూడా మట్టి లేదు.

"మట్టిలో పెట్టేదాన్ని తోముతారా ఎవరన్నా?"

"పేరుంది గదా" అంది ఆమె.

ఆయన అందుకోబోయి అలవాటుగా వేళ్లు ముడిచి, చెయ్యి తిప్పి, కణుపులు తగిలించారు.

"కరెంటేం లేదు మాస్టారూ. ఆమే."

ఆయన చెయ్యి మళ్లీ తిప్పారు. ఈసారి అరచేత్తో, పేరు మీదుగా పట్టుకున్నారు. గుంటలో దించి, తీగ బిగించి, మట్టి కప్పి, బిందెడు నీళ్లు పోశారు. తర్వాత గునపం భుజాన వేసుకుని తిన్నగా వీధి చివరికి నడిచారు. సుధీర్ బాబు ఇంటి గేటును పెడచేత్తో తాకి, అతను లేచాడో లేదో చూడకుండా, కూలర్ ఎక్కడ అని కేకేశారు.