ఆరు తలుపుల బోగీకి పెద్ద కిటికీలు

శనివారం ఉదయం ఏడుంపావుకు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ స్టేషన్‌కు చేరాం. ఇద్దరి సంచులు, గొడుగు, పులిహోర డబ్బా నా చేతుల్లో ఉన్నాయి. నా మేనల్లుడు వంశీ చేతుల్లో ఒక్క నల్లటి కేసు మాత్రమే ఉంది. పసిపిల్లవాడిని ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు దాన్ని. అందులో పదకొండు బోగీల రైలుంది. టోక్యో నగరం చుట్టూ గుండ్రంగా తిరిగే లైను మీద ఒకప్పుడు నడిచిన 205 సిరీస్ కరెంటు రైలుకు అది బొమ్మ. ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నాడు.

"మోడల్ అను మామా. బొమ్మలంటే పోరగాళ్లు ఆడుకునేటివి."

వాడికి ముప్పై నాలుగేళ్లు. ఊరు హన్మకొండ, ఉద్యోగం ఇక్కడ డ్యూసెల్‌డార్ఫ్‌లో ఐటీ.

హాంబర్గ్‌లో మాస్టర్స్ చేసే రోజుల్లో వాడొక మోడల్ రైళ్ల క్లబ్బుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లయినా ఇంకా అతిథే. సభ్యత్వం కావాలంటే సొంత రైలు తెచ్చి క్లబ్బు పట్టాల మీద నడపాలి. నడిపేముందు కార్యదర్శి భూతద్దంతో ప్రతి బోగీ చూస్తాడు. నిజం రైలుకూ దీనికీ తేడా ఉంటే అంతే సంగతులు. నిరుడు వీడి రైలును ముఖం చూసి తిప్పి పంపారు. 205 సిరీస్ అన్నిచోట్లా ఒకేలా ఉండదట. టోక్యో చుట్టూ తిరిగేదానికి బల్లపరుపు ముఖం, సముద్రం వైపు లైనులో తిరిగేదానికి కాస్త షోకైన ముఖం. వీడు షోకుది తగిలించి తీసుకెళ్లాడు. ఈసారి ఇవాళ పన్నెండుంపావు నుంచి ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఇదీ పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

ఏడూ నలభై ఆరుకు హాంబర్గ్ రైలు కదిలింది. వెళ్లాలనుకునేవారికి ఒక మాట. నెలవారీ టికెట్ ఈ ఎక్స్‌ప్రెస్‌లలో చెల్లదు. టికెట్ ముందే కొనుక్కోవాలి, సీటు విడిగా రిజర్వు చేసుకోవాలి. టేబుల్ ఉన్న సీటైతే పులిహోరకు సుఖం. మా టేబుల్‌కు అవతల అరవైకి దగ్గరపడిన జపాన్ ఆవిడ కూర్చుని ఉన్నారు. పేరు అయాకో. పాతికేళ్లకు పైగా డ్యూసెల్‌డార్ఫ్‌లోనే ఉంటున్నారట, బ్రెమెన్‌లో దిగుతారట. ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకున్నాం.

మ్యూన్‌స్టర్ దాటాక వంశీ ఉండబట్టలేక కేసు తెరిచాడు. అయాకో గారు చదువుతున్న పుస్తకం మూసేశారు.

"అయ్యో, నా రైలు! ఉద్యోగానికి రోజూ దీన్లోనే వెళ్లేదాన్ని. ఈ ఆరు తలుపుల బోగీలోనే. ఉదయం పది దాకా సీట్లు మడిచేసి ఉంచేవారు. అందరం నిలబడాల్సిందే." వంగి ఇంకాస్త దగ్గరగా చూశారు. "కానీ తలుపుల కిటికీలు ఇంత చిన్నవి కావే?"

వంశీ నవ్వు ఆగిపోయింది. "పక్క బోగీలవీ ఇంతే కదండీ."

"పక్కవాటివి చిన్నవే. రద్దీ పెరిగాక, కొన్నేళ్లకు దీన్ని చేసి మధ్యలో కలిపారు. దీని తలుపులకు పెద్ద కిటికీలు. నేను పొట్టిదాన్ని. ఆ కిటికీ కింది భాగంలోంచే నాకు స్టేషన్ పేరు కనిపించేది."

వంశీ నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మామా, ప్యాకెట్‌ల నుంచి తీసినప్పుడు దీనికి పెద్ద కిటికీలే ఉండె. తయారు చేసినోళ్లే తప్పు చేసిన్రనుకున్న. బగ్ అనుకుని ఫిక్స్ చేసిన."

చేసిన మరమ్మతు ఏమిటంటే, కిటికీల కింది భాగం మూసేలా వెండి రంగు టేపు ముక్కలు అంటించడం. బోగీకి ఇరువైపులా కలిపి పన్నెండు తలుపులు, తలుపుకు రెండు రెక్కలు, మొత్తం ఇరవై నాలుగు ముక్కలు. ఒక్కొక్కటి బియ్యపు గింజలో సగం ఉంటుంది. మూడు రాత్రులు కూర్చున్నాడట.

"ఎవరైనా అడిగిన్రారా నిన్ను?" అన్నాను.

"నువ్వు నవ్వకు మామా, ప్లీజ్. ఫోన్ లైట్ పట్టు."

పట్టకారు తీశాడు. రైలు జోరుగా పోతోంది, చేయి ఊగుతోంది. ఆస్నాబ్రుక్ వచ్చేసరికి ఊడినవి అయిదు. ఆరోదానితోపాటు రవ్వంత రంగు కూడా లేచింది. వాడు కళ్లు మూసుకున్నాడు. అయాకో గారు పులిహోర రుచి చూస్తూ, "పర్వాలేదు, నిజం రైలు కూడా అక్కడక్కడా గీసుకుపోయి ఉండేది" అన్నారు.

ఆస్నాబ్రుక్ దాటాక రైలు పొలాల మధ్య ఆగిపోయింది. ముందు సిగ్నల్‌కు ఏదో అయిందని ప్రకటించారు. బోగీ అంతా నిట్టూర్చింది, ఒక్క వంశీ తప్ప. చేయి నిలకడగా ఉంది. ముక్కలు టకటకా ఊడుతున్నాయి. పది, పదిహేను, పంతొమ్మిది. అప్పుడు గడియారం చూశాడు. రైలు ఆగి ముప్పావుగంట అయింది. కదిలితే చేయి ఊగుతుంది, కదలకపోతే టైము పోతుంది. ఏది కోరుకోవాలో తెలియని ముఖం అలా ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది.

రైలు బ్రెమెన్ ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగా చివరి ముక్క ఊడింది. అయాకో గారు దిగబోతూ ఆ బోగీని వెలుతురుకు ఎత్తి చూసి, "ఇప్పుడు సరే" అని ఇచ్చేశారు.

పన్నెండూ పదికి హాంబర్గ్. సన్నటి వానలో, గొడుగు విప్పడానికి కూడా వాడు నన్ను ఆగనివ్వలేదు. ఎస్-బాన్ అనే లోకల్ రైలు ఎక్కి, దిగి, పరుగెత్తి హాలు చేరేసరికి పన్నెండూ ముప్పై ఒకటి. కార్యదర్శి డెబ్బై దాటిన సన్నటి మనిషి. తన గడియారం చూపించి, "మీకు నాలుగు నిమిషాలున్నాయి" అన్నాడు. అయినా భూతద్దం వదల్లేదు. ఒకటి, రెండు, మూడు. ఆరు తలుపుల బోగీ దగ్గర ఆగాడు.

"దీని కిటికీలు పెద్దవి. ఎందుకు?"

"ఇది తర్వాత చేర్చిన బోగీ అండి" అన్నాడు వంశీ. "రంగు లేచింది మాత్రం నా తప్పు."

ఆయన తల ఊపి స్విచ్ వైపు చేయి చూపాడు. పదకొండు బోగీలు ఒక్క చుట్టు, ఒకే ఒక్క చుట్టు తిరిగాయి. అంతలోనే తర్వాతివాడి రైలు వచ్చేసింది. కార్యదర్శి నాలుగు పేజీల ఫారం చేతిలో పెట్టి, నింపాక ఇవ్వడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోమన్నాడు. వంశీ ఆ కాగితాన్ని చూసినంత మురిపెంగా, ఈ దేశంలో ఉద్యోగం చేసుకోనిచ్చే తన బ్లూ కార్డ్‌నైనా చూసి ఉండడు.

తిరుగు రైలు నాలుగూ నలభైకి, సరిగ్గా సమయానికి బయల్దేరింది. వాడు ఫారం నింపుతుంటే నేను కాఫీ తెచ్చాను. నాలుగో పేజీలో, క్లబ్బులో ఎందుకు చేరాలనుకుంటున్నారన్న ప్రశ్న దగ్గర కలం ఆగింది.

ఈ దేశంలో నేనున్న మూడు వారాల్లో వంశీ రోజూ ఒక ఫిర్యాదు చేశాడు. సీసా వేరే చెత్తడబ్బాలో వేశావని పక్కింటావిడ చెప్తుంది, సైకిల్ దారిలో నిలబడ్డావని ముక్కూమొహం తెలియనివాడు చెప్తాడు, తప్పు ఎత్తి చెప్పనివాడే లేడని. అలాంటి వంశీ సెలవురోజున దేశానికి ఆ చివరిదాకా వచ్చి, ఒక పెద్దాయన భూతద్దం కింద తన తప్పు తానే చెప్పుకుని, చెవులదాకా నవ్వుకుంటూ ఇంటికి పోతున్నాడు.

"ఏం రాస్తున్నవ్?" అని తొంగి చూశాను.

జర్మన్‌లో ఒక్క వాక్యం రాశాడు. తెలుగులో చెప్పమన్నాను.

"ఇక్కడ కిటికీ ఎంతుందో అందరికీ పట్టింపుంది, అని రాసిన మామా. సరిపోతదా?"

సరిపోతుందన్నాను.