చీడికాడ బోర్డులో తెల్లవారని రోజు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను చోడవరంలోని ఒక పాల సంఘం కార్యాలయానికి సిస్టమ్స్ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. హోదా ఘనంగానే ఉంది. పని మాత్రం పాల కేంద్రాల్లో కంప్యూటర్లు మొరాయించినప్పుడల్లా బండెక్కి పరుగెత్తడం.

ఆ కంప్యూటర్లు అరచేతిలో పట్టేంత బోర్డులు, లినక్స్ మీద నడుస్తాయి. ఎవరు ఎన్ని పాలు పోశారో, వెన్న శాతమెంతో మా సర్వరుకు పంపుతాయి. ఆ నెలాఖరుకి సర్వరు మారుతోంది కాబట్టి ప్రతి బోర్డూ కొత్త అప్‌డేట్ దించుకోవాలి. చీడికాడది తప్ప అన్నీ దించుకున్నాయి. శనివారంలోగా అది దారికి రాకపోతే ఆ కేంద్రం మూసేసి పక్కనున్న వడ్డాది కేంద్రంలో కలిపేస్తామని మేనేజరు గారు తేల్చేశారు. అదే జరిగితే కేంద్రం నడిపే రూతమ్మకు ఉద్యోగం పోతుంది, పాలు పోసే ఆడవాళ్లకు రోజూ క్యాన్లతో వడ్డాది ప్రయాణం తప్పదు.

నేను వెళ్లేసరికి రూతమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. "ఎన్నిసార్లు నొక్కేనో సార్! ఇలా మొదలవుతంది, అలా ఆగిపోతంది. మా సెంటరు తీసెత్తారా?" అంది.

తియ్యనివ్వనని చెప్పి టీ తెప్పించమన్నాను. ధైర్యమైతే చెప్పాను గానీ, జబ్బేమిటో నాకూ తెలియదు.

ముందు నెట్ మీద నెపం వెయ్యడం మా వృత్తిలో ఆనవాయితీ. నా ఫోన్ నెట్ ఇచ్చి చూశాను, అదే తంతు. మెమరీ కార్డు నిండిందేమో అనుకుంటే సగం ఖాళీగా ఉంది. పాత అప్‌డేట్ ముక్కలు తుడిచి మళ్లీ మొదలుపెట్టినా ఆగింది. ఇక చేసేదిలేక తెర మీది సందేశాన్ని చివరిదాకా చదివాను. సర్వరు సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదని దాని ఫిర్యాదు. సర్టిఫికెట్ అంటే సర్వరు చూపించే గుర్తింపు కార్డు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. కొత్త సర్వరుది వారం కిందటే తీసుకున్నారు. బోర్డులో తేదీ చూస్తే ఇంకా పోయిన నెలలోనే ఉంది!

ఈ బోర్డుల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే గడియారం ఆగిపోతుంది, మళ్లీ వచ్చాక ఆగిన చోటే మొదలై, నెట్‌లో సమయం అడిగి సరిదిద్దుకుంటుంది. ఇక్కడ ఆ అడగడాన్ని ఎవరో ఆపేశారు. ఎవరమ్మా అంటే రూతమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

"నానే సార్. ఏడు దాటితే మిషను పాలు తీసుకోదు. కొండవార నుంచొచ్చే ఆడోళ్లు ఏడుంపావుకి గానీ రాలేరు. ఏటి సేసేది? అందుకే రోజూ టైము కొంచెం ఎనక్కి పెడతన్నాను."

సాయంత్రం మెయిన్ ఆపేసి వెళ్లడం, పొద్దున వచ్చి వేళ మాత్రం దిద్దడం ఆమె అలవాటు. తేదీ జోలికి పోలేదు. పాలు పోసినవాళ్లకిచ్చే చీటీ మీద వేళే పడుతుంది, తేదీ సర్వరు వేసుకుంటుంది కనుక ఎవరి కంటా పడలేదు. పాపం ఆ బోర్డుకి కొన్ని వారాలుగా రోజూ అదే రోజు! నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వేసింది.

సమయం అడగడానికి అనుమతి ఇవ్వగానే తేదీ ఒక్క గెంతులో ఈ నెలలోకి వచ్చింది. రెండో టీ తాగేలోపు అప్‌డేట్ దిగింది. కేంద్రం నిలిచింది. కానీ రూతమ్మ ముఖం మళ్లీ వాడిపోయింది. "మరి రేపట్నుంచి ఆళ్ల పాలు ఏటవుతాయి సార్?" అంది.

మేనేజరు గారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. మొదట మండిపడ్డారు. చీడికాడకి పాల వ్యాను ఎన్నింటికొస్తుందని అడిగాను. ఎనిమిదికన్నారు. మరి ఏడింటికే ఎందుకు మూస్తున్నామన్నాను. అన్ని కేంద్రాలకూ ఒకేసారి పెట్టిన వేళ అది, మార్చమని ఎవరూ అడగలేదన్నారు. చివరికి వరమిచ్చినట్టు ఏడున్నర చెయ్యమన్నారు. అక్కడే కూర్చుని మార్చేశాను.

మర్నాడు రూతమ్మ ఫోన్ చేసింది. "సార్, ఇయాళ గడియారం నిజం సెప్పినా మిషను పాలు తీసుకుంది!"

అప్పట్నుంచి రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. గడియారం తప్పు చెబుతుంటే, దిద్దే ముందు అది ఎవరి కోసం చెబుతోందో అడిగేవాణ్ని. అడక్కుండా దిద్దితే మర్నాడు మళ్లీ వెనక్కి తిరుగుతుంది.