ఆటో సీటు కింది గుద్దు

"ఏటే పిల్లా, పొద్దున్నుంచీ ఒకటే గుద్దు. పాటెప్పుడొత్తాది?"

త్రివేణిని అత్తగారు పైడమ్మ రోజూ అడిగే ప్రశ్న ఇది. పాట రాదు. త్రివేణి చేసేది గుద్దే. డాన్స్ పాటల్లో అడుగున పడుతూ వినేవాడి ఛాతీని తట్టే దెబ్బని కిక్ అంటారు. దాన్ని కంప్యూటర్లో తయారుచేయడం ఆమె పని; అప్పటికి ఎవరూ డబ్బివ్వని పని. జీతమొచ్చే పని టాటానగర్‌లోని బిష్టుపూర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కౌంటర్లో కూర్చోవడం.

కిక్ చేయడం చెప్పడానికి సులువే. లోతైన స్వరాన్నొకదాన్ని రెప్పపాటులో పైనుంచి కిందికి జార్చాలి. దాని మొదట్లో టిక్కుమనే చప్పుడొకటి అతికించాలి. టిక్కు కోసం భర్త కిషోర్ స్కూటర్‌కి స్టాండు వేసిన చప్పుడు రికార్డు చేసుకుంది. యాతనంతా ఆ తరవాతే. దెబ్బ చివర సాగే తోక పొడుగైతే తరవాతి దెబ్బ మీద పడుతుంది, పొట్టిదైతే అట్టపెట్టె మీద తట్టినట్టుంటుంది. చేస్తుంది, చెరిపేస్తుంది, వాకిట్లోకెళ్లి నిలబడుతుంది, నిలబడలేక లోపలికొస్తుంది. బర్మామైన్స్ పేటలో రెండు గదుల ఇల్లు. ఉన్న చిన్న స్పీకర్లకు లోతు అందదు. కిషోర్ నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే అవీ బంద్.

అందుకే తీర్పు డ్రైవర్ దేముడి ఆటోలో జరిగేది. ఆమె రోజూ ఎక్కే షేర్ ఆటో అది. వెనక సీటు కింద లోతు పలికే పెద్ద బాస్ స్పీకరు డబ్బా బిగించాడు. త్రివేణి పెన్ డ్రైవ్ ఇస్తే పెడతాడు. పాసింజర్లు గుద్దు మీదే కూర్చుంటారు. ఎవరైనా ఉలిక్కిపడి సంచీ ఒళ్లోకి తీసుకుంటే బాగా వచ్చినట్టు. లేకపోతే దేముడే చెప్పేస్తాడు: "ఏటి చెల్లీ ఇది, తడిసిన పరుపుని బాదినట్టుంది." ఆమె ఆ రోజంతా కౌంటర్లో కుదురుగా కూర్చోలేదు.

శబ్దాలను కట్టలుగా అమ్మే బెంగళూరు కంపెనీ ఒకటి ఆమె నెట్లో పెట్టిన కిక్కులు విని ఫోన్ చేసింది. ముప్ఫై కిక్కులు, ఇరవై నాలుగు వేలు, సగం ముందే. తన చేతి పనికి, తన పేరు మీద రాబోయే తొలి సంపాదన. అడ్వాన్సు పడ్డాక కంపెనీ అబ్బాయి ఫోనులో అడిగాడు, ఇందులో సుత్తి దెబ్బలెక్కడున్నాయని. టాటానగర్ అనగానే అతనికి కొలిమి కనపడింది. "ఉక్కు ఊరి గుండె చప్పుడు" అని కట్టకి పేరు కూడా పెట్టేశాడు. ఊరికి గుండె ఉంటుందనీ, అది సుత్తితో కొట్టుకుంటుందనీ దూరాన ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇక్కడివాళ్లకు తెలిసినవి షిఫ్టులు.

అయినా ప్రయత్నించింది. ఆదిత్యపూర్‌లో ఇనుప పని చేసే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకెళ్లి సుత్తి దెబ్బలు రికార్డు చేసుకొచ్చింది. ఆటోలో పెడితే ఠంగుమని చెవిలో గుచ్చుకుంది. సీటు మాత్రం కదల్లేదు. ఇది గుద్దా గుడిగంటా అని దేముడు అడిగాడు.

కిషోర్‌కి ఇదంతా వింతగా ఉంది. "సుత్తే అని రాసేయ్. దేఖ్‌నే కౌన్ ఆయేగా? ఎవడొచ్చి చూత్తాడు?"

"నేను చేసినదానికి సుత్తి పేరేటి?" అంది త్రివేణి.

అనేసింది గానీ, అడ్వాన్సు వెనక్కడుగుతారన్న గుబులు వదల్లేదు. వారమంతా అన్నం దగ్గర కూడా ఫోను చూసుకుంటూనే ఉంది. చివరికి ముప్ఫై కిక్కులూ తనవే పంపింది, వీటిలో సుత్తి లేదని స్పష్టంగా రాసి మరీ. కంపెనీ కట్ట పేరు మార్చలేదు. అమ్మకానికి పెట్టేసింది. అట్ట మీద నిప్పురవ్వలు, ఎత్తిన సుత్తి, అడుగున చీమ తలంత అక్షరాల్లో త్రివేణి పేరు.

అమ్మకం పేజీలో కింద కొన్నవాళ్ల మెప్పులు వరసగా ఉన్నాయి. ఉక్కు బరువు వినపడుతోందని ఒకడు రాశాడు. త్రివేణి ఆ పేజీ మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. కాసేపటికి తెరిచి అతని మాట కిందే రాసింది: "సుత్తి లేదు. కంప్యూటర్లో చేసిన స్వరం, మా ఆయన స్కూటర్ స్టాండు. చేసింది నేను."

ఆ సాయంత్రమే కంపెనీ అబ్బాయి ఫోన్ చేసి ఆ మాట తీసేయమన్నాడు. ఆమె తీయలేదు. ఆ కట్ట ఇంకా అమ్ముడవుతోంది. కంపెనీ త్రివేణికి మిగతా సగం, పన్నెండు వేలు, ఇంకా బాకీ ఉంది.