మూడో కూతకీ పలక్కపోతే

కాఫీ పండ్ల కోతకి మా అయ్య వెనకే వెళ్ళేదాన్ని, మా చిన్నప్పుడు... అరకు పైన మా కొండవాలులో మొక్కలు నా తలకంటే ఎత్తు. పక్క వరసలో మనిషి ఉన్నా కనిపించడు. అందుకే కూతలు పెట్టుకునేవాళ్ళం. ఒకరు "కూ..." అంటే ఇంకొకరు "కూ..." అనాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే అందరూ కోత ఆపేసి వెతకాలి. ఎలుగుబంట్లు తిరిగే చోటు మరి!

"నా గొంతు ఇనిపించినంతసేపూ నీకేటి బయం గుంటా?" అనేవాడు అయ్య. అబ్బ, ఏం గొంతండీ అది! కూత పెట్టినా పాటలాగే ఉండేది.

ఆ గొంతే మా కొంప ముంచింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు సినిమా షూటింగువాళ్ళు వచ్చి, అయ్య పాట విని ముచ్చటపడిపోయారు. మర్నాడు కోతలో "పై వరసలో ఉంతాను, నువ్వు కొయ్యి" అని చెప్పి వెళ్ళాడు. కాసేపటికి కూ అన్నాను... పలకలేదు. రెండోసారి... మూడోసారి...

"బేగి రండర్రా! మా గుంట అయ్య పలకతం నేదు!" అని అమ్మ కేకేసింది. బుట్టలు పడేసి అందరూ సాయంత్రం దాకా కొండంతా గాలించారు. నేను ఏడుస్తూ కూతలు పెడుతూనే ఉన్నాను. ఆయన సినిమావాళ్ళ జీపెక్కి పట్నం వెళ్ళిపోయాడని సంత నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. అమ్మ ఒలికిపోయిన పండ్లు ఏరుకుంది.

తర్వాత ఆయన పెద్ద గాయకుడైపోయాడు. మీలో చాలామంది ఆయన పాటలు వినే ఉంటారు. మాకు మాత్రం ఒక్క ఉత్తరం లేదు. అమ్మ పోయిందని కబురు పంపినా రాలేదు.

ఇప్పుడు ఆయన కథే సినిమాగా వచ్చింది. ఎంత పేరున్నా ఒంటరైపోయిన గాయకుడు చివరికి కొండెక్కి "కూ..." అంటాడు. కాఫీ మొక్కల్లోంచి కూతురు "కూ..." అంటూ పరుగున వచ్చి వాటేసుకుంటుంది. హాల్లో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడొచ్చావయ్యా నువ్వు? ఎప్పుడు వాటేసుకున్నాను నేను?

పోయిన వారం ఆ సినిమా సంబరానికి అరకు వచ్చాడు. అక్కడికి మా ఇల్లు అరగంట దూరం. పొద్దున్నే ఇల్లలికి, చోడి అంబలి కాచి కూర్చున్నాను... సిగ్గులేనిదాన్ని! రాలేదు. సినిమావాళ్ళు ఫోన్ చేశారు. "మేడమ్, స్టేజీ మీదకొచ్చి సార్‌ని వాటేసుకుంటారా? వీడియో బాగుంటుంది."

స్టేజీ ఎక్కనన్నాను. కానీ మనసాగక వెళ్ళి, జనం వెనక నిలబడ్డాను. మైకులో "కూ..." అన్నాడు. జనమంతా "కూ..." అన్నారు. మళ్ళీ అన్నాడు. మూడోసారీ అన్నాడు. నేను మాత్రం నోరు మెదపలేదు.

మా తోటలో అయితే ఒక్క గొంతు తగ్గినా వెతికేవాళ్ళు. ఆయన అందరికీ దండం పెట్టి కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కోతల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లే... కూతలు లేవు. మీరు పలక్కపోతే పని ఆపేసి వెతికిన మనిషి, మీ చిన్నప్పుడు ఎవరండీ? చెప్పండి... నాకు వినాలనుంది.