జీడిమచ్చ అనుకున్న పుండు

మా మేనత్త పోయిందని సోమవారం పొద్దున్నే ఫోనొచ్చింది. జీడిపళ్లు రాలే రోజులివి. ఈ రోజుల్లో ఆవిడ ఇంటిపట్టున ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఈసారి మంచం దిగకుండానే వెళ్లిపోయింది.

ఉద్దానంలో మేం పిక్క తీసుకుని పండు పారేస్తాం. పలాసలో ధర పలికేది పిక్కకే. చెట్ల కింద కుళ్లిపోయే పళ్లను చూస్తే అత్తకు ఒళ్లు మండేది. మంచివి ఏరి, ముక్కలు కోసి, గొంతు పట్టకుండా ఉప్పునీళ్లలో వేసి, దారిన పోయేవాళ్లను కూడా పిలిచి పెట్టేది.

"తిను గుంటా. ఎండలో తిరిగే ఒంటికి ఇదే మందు," అనేది. ఉసిరికాయకూ మునగాక్కూ కూడా అదే మాట.

నేను టెక్కలిలో పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. ఆ పళ్లలో విటమిన్ సి ఉందనీ, అలాంటి తిండి ఎండ వల్ల చర్మానికి జరిగే హానిని కొంత తగ్గిస్తుందనీ ఒకసారి చెప్పాను. "మరి నాను సెప్పిందదే కదేటి," అని నవ్వింది. 'కొంత' అన్న మాట మాత్రం ఆవిడ చెవికెక్కలేదు.

రెండేళ్ల కిందట ఆవిడ చెంప మీద పుండు లేచింది. పిక్కలు కొట్టేటప్పుడు జీడి నూనె చింది చర్మం కాలడం, మచ్చ పడడం మా వైపు మామూలే. ఎవరూ పట్టించుకోరు.

"అత్తా, ఓపాలి డాక్టరుకి సూపిద్దాం," అన్నాను.

"జీడి పడ్డాదే. అదే మాన్తాది. పళ్లు తింతన్నాను కదా, నాకేటవుద్ది?"

మానలేదు. చివరికి మావయ్య బలవంతాన తీసుకెళ్లేసరికి అది మెడలోకి పాకింది. ఏళ్ల తరబడి తగిలిన ఎండ తెచ్చిన క్యాన్సర్ అన్నాడు డాక్టరు. "తిండి మంచిదేనమ్మా. నీడకీ తలగుడ్డకీ అది బదులు కాదు," అన్నాడు.

అత్త వెంట వెళ్లిన నావైపు తిరిగి, "పళ్లు మానీకండి. తలకి గుడ్డ కూడా సుట్టండి," అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ దుఃఖం ఆగడం లేదు.

చిన్నప్పుడు ఆవిడ వెంట తోటకు పోయేదాన్ని. చెట్లు దాటి ఇసుకదారి రాగానే తన కొంగు తీసి నా తలమీద కప్పేది. జీడి మరకలతో బిరుసెక్కిన కొంగు. ఆ నీడలో నడుస్తూ నేను తలెత్తి చూస్తే, పక్కనే ఆవిడ చెంప ఎండలో మెరుస్తూ ఉండేది.